పీహెచ్‌డీ మధ్యలో బిడ్డ పుట్టబోతుంటే: ల్యాబ్‌నీ ఇంటినీ కలిపి నడుపుకోవడం ఎలా?

ఏడాదికి నాలుగైదుసార్లు నాకు ఒకేలాంటి ఫోన్ వస్తుంది. మొదటి రెండు నిమిషాలు ఎక్స్‌పరిమెంట్ గురించి మాట్లాడతారు. తర్వాత గొంతు తగ్గించి, "అక్కా, ఇంకో విషయం, ఇంకా ఎవరికీ చెప్పలేదు" అంటారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు కూడా నాకిప్పుడు కంఠతా వచ్చేశాయి. గైడ్‌కి ఎప్పుడు చెప్పాలి? ఫెలోషిప్ ఆపేస్తారా? ఆరు నెలలు నేను లేకపోతే నా సెల్ లైన్లు (ల్యాబులో పెంచే కణాలు) ఎవరు చూస్తారు? ఈమధ్య ఒకరిద్దరు అబ్బాయిలు కూడా "మా ఆవిడకి ఏడో నెల, నేనేం చేయాలి" అని అడిగారు.

ప్రతిసారీ ఫోన్లో చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మన దేశంలో యూనివర్సిటీల్లో, పరిశోధన సంస్థల్లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళని, అందులోనూ బయాలజీ, కెమిస్ట్రీ ల్యాబుల వాళ్ళని మనసులో పెట్టుకుని రాసింది ఇది. థియరీ వాళ్ళు, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు 2వ అంకె కింద ఉన్న భాగం వదిలేయొచ్చు.

ఒక్క మాట ముందే చెప్తాను. "ఎలాగోలా మేనేజ్ చేసుకుంటాలే" అనే ధీమాతో మొదలుపెట్టకండి. మధ్యలో మానేసినవాళ్ళని కొందరిని దగ్గర్నుంచి చూశాను. ఎవరూ ఓపిక లేక మానలేదు. ఏదో ఒక తేదీ దాటిపోయింది, ఏదో ఒక కాగితం ఇవ్వలేదు, ఎవరో ఒకరు చూసుకుంటారనుకున్న పని ఎవరూ చూడలేదు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ లెటర్. అడ్మిషన్ తేదీ అందులో ఉంటుంది.
- ఫెలోషిప్ మంజూరు లెటర్. ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) అయితే ఆ ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుందో రాసిన కాగితం.
- మీ యూనివర్సిటీ పీహెచ్‌డీ ఆర్డినెన్సు (యూనివర్సిటీ సొంత నియమాలు), దానితోపాటు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 పీహెచ్‌డీ నిబంధనలు. రెండూ పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి.
- డెలివరీ తేదీ అంచనా రాసిన డాక్టర్ సర్టిఫికెట్.
- మీరు రోజూ వాడే రసాయనాల జాబితా.
- గోడ క్యాలెండర్. ఫోన్లో కాదు, గోడకే. ఇంట్లో అందరికీ కనిపించాలి.
- ల్యాబులో మీ పని తెలిసిన ఒక మనిషి, ఇంట్లో బిడ్డని చూసుకునే ఒక మనిషి, ఆ ఇంటి మనిషికి జ్వరం వస్తే రాగలిగే ఇంకో మనిషి.

1. రెండు గడువులూ విడివిడిగా లెక్కేయండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. డిగ్రీ గడువు వేరు, డబ్బు గడువు వేరు.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి అడ్మిషన్ తేదీ నుంచి గరిష్ఠంగా 6 ఏళ్ళు. రీ-రిజిస్ట్రేషన్ మీద ఇంకో 2 ఏళ్ళ వరకూ ఇవ్వొచ్చు. మహిళా స్కాలర్లకి దానిమీద మరో 2 ఏళ్ళు సడలింపు ఉంది, మొత్తం 10 ఏళ్ళు దాటకూడదు. ఇవి కాక, పీహెచ్‌డీ మొత్తం కాలంలో ప్రసూతి సెలవు, శిశు సంరక్షణ సెలవు కలిపి 240 రోజుల దాకా ఇవ్వొచ్చు.

ఫెలోషిప్ సంగతి అలా కాదు. జేఆర్‌ఎఫ్ 2 ఏళ్ళు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) 3 ఏళ్ళు, మొత్తం 5. అంటే 2023 ఆగస్టు 1న చేరినవాళ్ళకి డిగ్రీ గడువు 2029 జులై ఆఖరుదాకా ఉన్నా, అదే రోజు మొదలైన ఫెలోషిప్ 2028 జులైతో అయిపోతుంది. మిగిలిన ఏడాది ఇంటి అద్దె ఎక్కణ్ణుంచి వస్తుందో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. బిడ్డ పుట్టాక ఆ లెక్క చూసే తీరిక ఉండదు.

ఇప్పుడు సెలవు లెక్క చూద్దాం. డెలివరీ అంచనా 2026 అక్టోబరు 10 అనుకోండి. సెప్టెంబరు 25 నుంచి సెలవు పెడితే 180 రోజులు 2027 మార్చి 23తో, 240 రోజులు మే 22తో ముగుస్తాయి. నా సలహా, మీ ఒంట్లో బాగుంటే మొదట 180 తీసుకుని 60 దాచుకోండి. బిడ్డకి ఏడాది నిండే లోపు ఆ 60 రోజుల విలువ తెలిసొస్తుంది.

జాగ్రత్త: 2016 నాటి యూజీసీ నిబంధనల్లో ఈ సెలవు "ఒక్కసారి" అని ఉండేది. 2022 నిబంధనల్లో ఆ మాట లేదు. కానీ మీ యూనివర్సిటీ ఆర్డినెన్సులో పాత వాక్యమే ఉంటే, 180 రోజులకే తిరిగొచ్చి మిగతా 60 పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అప్పుడు మొత్తం ఒకేసారి తీసుకోవడమే నయం. ఇంకోటి, నిబంధనల్లో ఉన్నది "ఇవ్వవచ్చు" అని, "ఇచ్చి తీరాలి" అని కాదు. కాబట్టి మీ ఆర్డినెన్సు చదవకుండా గైడ్ గది తలుపు తట్టకండి.

2. ఎవరికీ చెప్పకముందే మీ బెంచ్ చూసుకోండి

మూడో నెల దాటేదాకా బయటికి చెప్పకూడదని మన ఇళ్ళల్లో ఒక పట్టింపు. అమ్మలు, అమ్మమ్మలు ఎందుకలా అంటారో అర్థం చేసుకోగలను. కానీ ల్యాబులో పనిచేసేవాళ్ళకి చిక్కు ఇక్కడే. బిడ్డ అవయవాలు రూపు దిద్దుకునేది సరిగ్గా ఆ మొదటి నెలల్లోనే. శ్రీమంతం నాటికి గ్లవ్స్ మార్చుకుంటే లాభం లేదు.

అందుకని టెస్ట్ పాజిటివ్ అని తెలిసిన వారంలోనే ఇవి చేయండి.

మీరు వాడే ప్రతి రసాయనానికీ సేఫ్టీ డేటా షీట్ తీయండి. అందులో 16 భాగాలుంటాయి, మీకు కావలసింది రెండోది. హెచ్360 అని ఉంటే సంతాన సామర్థ్యానికి గానీ కడుపులో బిడ్డకి గానీ హాని చేయగలదని అర్థం. హెచ్361 అంటే అలాంటి అనుమానం ఉందని. హెచ్340, హెచ్341 జన్యు మార్పులకి సంబంధించినవి. ఈ నాలుగు అంకెలూ ఒక కాగితం మీద రాసుకుని జాబితా మొత్తం దానితో సరిచూడండి, ఒక మధ్యాహ్నం పని.

మామూలు మాలిక్యులర్ బయాలజీ ల్యాబులో దొరికిపోయేవి ఇవి: ఆర్‌ఎన్‌ఏ జెల్స్‌లో, ఫిష్ (కణాల్లో ఫలానా జన్యువు ఎక్కడుందో చూపే) పద్ధతిలో వాడే ఫార్మమైడ్. డీఎంఎఫ్ సాల్వెంట్. జెల్స్ పోసే అక్రిలమైడ్ ద్రావణం. ఎథిడియం బ్రోమైడ్. ట్రైజాల్‌తో ఆర్‌ఎన్‌ఏ తీసేటప్పుడు కలిపే క్లోరోఫామ్.

ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. ఎథిడియం బదులు సైబర్ సేఫ్, అక్రిలమైడ్ పోయడం బదులు రెడీమేడ్ జెల్స్, ట్రైజాల్ బదులు ఫినాలూ క్లోరోఫామూ రెండూ అక్కర్లేని కాలమ్ కిట్. ఖర్చు ఎక్కువే. కంటిజెన్సీలో (ఫెలోషిప్‌తో వచ్చే చిల్లర ఖర్చుల నిధిలో) డబ్బు లేకపోతే ఆ ఒక్క మెట్టు ల్యాబ్‌మేట్ చేత చేయించుకుని, మీరు వాళ్ళ పీసీఆర్‌లు చేసిపెట్టండి. పని మార్చుకోవడం సాయం అడగడంలా అనిపించదు, అడగడానికి మొహమాటపడే వాళ్ళకి ఇది బాగా నప్పుతుంది.

రేడియోయాక్టివ్ ఐసోటోపులతో పని ఉంటే ఇక మొహమాటం లేదు. వెంటనే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కి చెప్పాలి. గర్భం నిర్ధారణ అయినప్పటినుంచి మిగతా నెలలన్నిటికీ కలిపి కడుపులో బిడ్డకి అందే మోతాదు 1 మిల్లీసీవర్ట్ దాటకూడదన్నది పాటించే హద్దు. నా మాట అడిగితే ఆ తొమ్మిది నెలలూ ఐసోటోపుల గదిలోకే వెళ్ళకండి.

తరచుగా జరిగే పొరపాటు ఒకటి: ఎన్95 మాస్కు పెట్టుకుని ఫార్మమైడ్ పోయడం. ఆ మాస్కు ధూళికణాల్ని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఫ్యూమ్ హుడ్‌లో చేయాల్సిన పని ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి, వీలైతే ఇంకొకరు చేయాలి. లిక్విడ్ నైట్రోజన్ క్యాన్లు మోయడం కూడా ఆపేయండి.

ఈ జాబితా తీసుకెళ్ళి మీ డాక్టర్‌కి చూపించండి. "ల్యాబులో పని" అంటే చాలామంది డాక్టర్లు రక్తపరీక్షల ల్యాబ్ అనుకుంటారు. కాగితం చూస్తేనే సంగతి తెలుస్తుంది.

3. గైడ్‌కి చెప్పడం

ఇంట్లో పట్టింపు పట్టింపే, ల్యాబులో ఒక్క మనిషికి తెలియాలి. ఆ మనిషి గైడ్ అయితే మేలు. నేనైతే ఐదో నెలదాకా చెప్పలేదు. సీనియర్లు భయపెట్టారు, నేను భయపడ్డాను. తీరా చెప్పాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మరి ఇన్నాళ్ళూ ఆ జెల్స్ ఎవరు పోశారు?" అని. సమాధానం నా దగ్గర లేదు.

ఖాళీ చేతులతో వెళ్ళకండి. ఒకే పేజీలో మూడు సంగతులు రాసుకెళ్ళండి. సెలవు ఎప్పటినుంచి ఎప్పటిదాకా. అప్పటికల్లా పూర్తయ్యే పని ఏది. మీరు లేనప్పుడు ఎవరో ఒకరు చూడాల్సింది ఏది. మాట్లాడాక అదే రోజు సాయంత్రం ఒక మెయిల్ పంపండి. ఇంగ్లిష్‌లోనే రాస్తారు కాబట్టి సారం చెప్తాను:

"ఈరోజు మీతో మాట్లాడినట్టు, సెప్టెంబరు 25 నుంచి 180 రోజులు ప్రసూతి సెలవుకి దరఖాస్తు చేస్తున్నాను. రెండో ఆబ్జెక్టివ్ డేటా ఆగస్టు ఆఖరుకి ఇస్తాను. నేను లేనప్పుడు సెల్ లైన్లు ఫలానా వారు చూస్తారు. తిరిగి వచ్చాక మూడో ఆబ్జెక్టివ్ నేనే కొనసాగిస్తాను. ఇందులో ఏమైనా మార్చాలంటే చెప్పగలరు."

ఆ చివరి రెండు వాక్యాలే అసలైనవి. తిరిగొచ్చేసరికి తన ప్రాజెక్టు ఇంకొకరి చేతిలో, పేపర్లో తన పేరు మూడో స్థానంలో చూసుకున్నవాళ్ళు నాకు తెలుసు. ఎవరూ కావాలని చేసింది కాదు. ఎవరు ఎంత చేస్తే పేరు ఎక్కడొస్తుందో ముందు రాసుకోలేదు, అంతే.

4. సెలవు కాగితాలు

దరఖాస్తు రెండు చోట్లకి వెళ్ళాలి. అకడమిక్ సెక్షన్‌కి ఒకటి, రిజిస్ట్రేషన్ గడువు కోసం. ఫెలోషిప్ ఇచ్చే సంస్థకి యూనివర్సిటీ ద్వారా ఇంకొకటి, డబ్బు కోసం. మొదటిది ఇస్తే రెండోది దానంతట అదే జరిగిపోతుందనుకోవడం మహా పొరపాటు.

కేంద్ర ప్రభుత్వ సంస్థల డబ్బుతో పనిచేసే జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్, రీసెర్చ్ అసోసియేట్లకి కేంద్ర ప్రభుత్వ సూచనల ప్రకారం ప్రసూతి సెలవు వర్తిస్తుందని డీఎస్‌టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ) ఉత్తర్వుల్లో ఉంది. కేంద్ర ఉద్యోగులకి అది 180 రోజులు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కి నెలకి 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కి 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. కాబట్టి ఆరు నెలల ఫెలోషిప్ అంటే రెండు లక్షల పైమాటే. ఒక కాగితం బద్ధకానికి పోగొట్టుకునే మొత్తం కాదు. 240 రోజులు తీసుకుంటే 180 దాటిన మిగతా రోజులకి ఫెలోషిప్ వస్తుందో రాదో మీకు డబ్బిచ్చే సంస్థని రాతపూర్వకంగా అడగండి.

ప్రాజెక్టు జేఆర్‌ఎఫ్‌లకి ఇంకో మెలిక ఉంది. ప్రాజెక్టు మార్చి 31తో ముగుస్తుంటే, మీరు సెలవులో ఉన్నారని అది ఆగదు. ప్రాజెక్టు పొడిగింపు గైడ్ అడగాలి, అదీ గడువుకి ముందే. సెలవుకి ముందు ఈ ఒక్క ప్రశ్నా గైడ్‌ని సూటిగా అడగండి.

మగ స్కాలర్లకి: యూజీసీ 2022 నిబంధనల్లో పితృత్వ సెలవు మాట లేదు. కేంద్ర ఉద్యోగులకైతే 15 రోజులు ఉంది, బిడ్డ పుట్టిన 6 నెలల్లోపు వాడుకోవాలి. మీ సంస్థ స్కాలర్లకి ఇస్తుందేమో అడగండి. ఇవ్వకపోతే ఉన్న క్యాజువల్ లీవులన్నీ దీనికోసమే దాచుకోండి. స్నేహితుల పెళ్ళిళ్ళకి ఖర్చుపెట్టకండి.

ఇచ్చిన ప్రతి కాగితానికీ ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని కాపీ ఫోటో తీసుకోండి. నా సెలవు అయ్యాక ఇచ్చిన జాయినింగ్ రిపోర్టు ఒక టేబుల్ మీదే మూడు నెలలు ఉండిపోయింది, ఆ మూడు నెలలూ ఫెలోషిప్ రాలేదు. నా దగ్గర నంబరున్న కాపీ ఉండబట్టి వెతికి తీయించగలిగాను.

5. పురిటికి వెళ్ళేముందు ల్యాబుని పడుకోబెట్టడం

మనవాళ్ళలో ఎక్కువమంది పురిటికి పుట్టింటికి వెళ్తారు. ల్యాబ్ తార్నాకలోనో గచ్చిబౌలిలోనో, పుట్టిల్లు శ్రీకాకుళంలోనో అయితే "మధ్యలో ఒకసారి వచ్చి చూసి వెళ్తా" అన్నది జరిగే పని కాదు. ఏడో నెల నుంచే మొదలుపెట్టండి. డెలివరీ రెండు మూడు వారాలు ముందే కావచ్చు కూడా.

- సెల్ లైన్లు: ఒక్కోదానికి కనీసం మూడు వయల్స్ ఫ్రీజ్ చేయండి. ఒకేచోట పెట్టొద్దు, రెండు డబ్బాల్లో పెట్టండి. వెళ్ళేముందు ఒక వయల్ కరిగించి, కణాలు బతికాయో లేదో చూడండి. ఈ పరీక్ష ఎవరూ చేయరు. ఆరు నెలల తర్వాత వచ్చి చచ్చిన కణాలు చూసి ఏడుస్తారు.
- ప్లాస్మిడ్లు, బ్యాక్టీరియా: గ్లిసరాల్ స్టాకులు మైనస్ 80లో. ప్లాస్మిడ్ డీఎన్‌ఏ విడిగా మైనస్ 20లో.
- పండు ఈగలు: 25 డిగ్రీల్లో దాదాపు పది రోజులకో తరం. 18 డిగ్రీలకి మారిస్తే ఆ కాలం దాదాపు రెట్టింపవుతుంది, చూసేవాళ్ళకి వయల్స్ మార్చే పని సగానికి సగం తగ్గుతుంది.
- ఎలుకలు: బ్రీడింగ్ తగ్గించండి. మీ బదులు చూసేవాళ్ళ పేరు ఐఏఈసీ (జంతు ప్రయోగాల నైతిక కమిటీ) అనుమతిలో ఉందో లేదో చూడండి. లేకపోతే చేర్పించడానికి టైం పడుతుంది.
- ఫ్రీజర్ డబ్బాల మ్యాపు, ప్రైమర్ల జాబితా, యాంటీబాడీలు ఏ పలుచదనంలో వాడారో ఆ పట్టిక: మూడూ ఒకే ఫైల్లో.
- ల్యాబ్ నోట్‌బుక్ చివరి పేజీలో "తర్వాత చేయాల్సింది" అని పది వాక్యాలు. మీకోసమే రాస్తున్నారు. ఆరు నెలల తర్వాత మీ చేతిరాతే మీకు కొత్తగా కనిపిస్తుంది.

సరిగ్గా చేశారో లేదో తెలుసుకోవాలంటే ఒక పని చేయండి. మీ జూనియర్‌ని పిలిచి, మీరు పక్కన కూర్చుని నోరు మెదపకుండా, ఫలానా ప్లాస్మిడ్ తీసుకురమ్మనండి. ఐదు నిమిషాల్లో తెస్తే మీ పని అయినట్టే.

6. సెలవులో

ఇక్కడ చెప్పేది తక్కువే. మొదటి 6 వారాలు ల్యాబ్ వాట్సాప్ గ్రూపు మ్యూట్‌లో పెట్టండి. థీసిస్ రాసేస్తానని ల్యాప్‌టాప్ పుట్టింటికి మోసుకెళ్ళిన ప్రతివాళ్ళూ దాన్ని తెరవకుండానే తిరిగి తెచ్చారు, నాతో సహా. ప్రతి సెమిస్టర్‌కీ జరిగే ఆర్‌ఏసీ (పరిశోధన సలహా కమిటీ) మీటింగ్ సెలవులో పడుతుంటే, దాన్ని వాయిదా వేయమని ముందే మెయిల్ పెట్టండి. తర్వాత "హాజరు కాలేదు" అని రాస్తే చెరపడం కష్టం.

7. తిరిగొచ్చాక మొదటి మూడు నెలలు

ముందు బిడ్డ సంగతి తేల్చుకోండి. అమ్మ వచ్చి ఉంటుందా, అత్తగారా, ఆయాని పెట్టుకుంటారా, క్రెషా? క్రెష్‌లు మామూలుగా 6 నెలలు నిండితేనే తీసుకుంటాయి. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. "మీరు స్కాలర్లు, ఉద్యోగులు కారు" అంటారు. అయినా అడగండి. క్యాంపస్‌లో క్రెష్ ఉంటే అందులో మీ బిడ్డని వద్దనడానికి పెద్ద కారణాలేం ఉండవు.

ఏ ఏర్పాటైనా, మీరు చేరే తేదీకి రెండు వారాల ముందే మొదలుపెట్టండి. మొదటి రోజు రెండు గంటలు, తర్వాత నాలుగు. చేరిన రోజే బిడ్డనీ కొత్తచోట వదిలితే ఆ రోజు ల్యాబులో మీరు చేసేది ఏడవడమే.

పాల సంగతి. పంప్ చేయడానికి తలుపు గడియ పడే గది కావాలి. బాత్రూమ్ పనికిరాదు. గైడ్‌ని గానీ ఆఫీసులో ఆడవాళ్ళని గానీ అడిగి ఖాళీ గది ఒకటి రోజుకి రెండుసార్లు, అరగంట చొప్పున ఖాయం చేసుకోండి. తీసిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజుల వరకూ ఉంటాయి. మన ఏప్రిల్, మే ఎండల్లో ఆ 4 గంటల లెక్క నమ్మకండి, ఐస్ ప్యాక్ ఉన్న బ్యాగులోనే ఉంచండి. ల్యాబ్ ఫ్రిజ్‌లో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు, "ఒక్క గంటే కదా" అని కూడా.

ఇక ఎక్స్‌పరిమెంట్లు. మీ పనులన్నీ రెండు జాబితాలుగా విడదీయండి. మధ్యలో ఆపగలిగేవి, ఆపలేనివి.

ఆపగలిగేవి అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటాయి. టిష్యూని ట్రైజాల్‌లో నూరి మైనస్ 80లో పెట్టేసి ఇంకోరోజు ఆర్‌ఎన్‌ఏ తీసుకోవచ్చు. బిడ్డకి పాలిచ్చే రోజుల్లో ఆ తీసే పని కాలమ్ కిట్‌తోనో ల్యాబ్‌మేట్‌తోనో కానివ్వండి. డీఎన్‌ఏని ఇథనాల్‌లో మైనస్ 20లో వదిలేయొచ్చు. ప్రొటీన్ శాంపిల్స్‌ని లోడింగ్ బఫర్‌లో మరిగించి ఫ్రీజ్ చేయొచ్చు. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్‌ని గుర్తుపట్టే పరీక్షలో) ప్రైమరీ యాంటీబాడీని రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచితే, సాయంత్రం ఐదుకి ఇంటికెళ్ళి పొద్దున వచ్చి మిగతాది చేసుకోవచ్చు. మామూలుగా ఒకే రోజులో లాగించే వెస్టర్న్‌ని నేను మూడు రోజుల పనిగా మార్చుకున్నాను. నెలకి వచ్చే బ్లాట్లు కొంచెం తగ్గాయి గానీ సగంలో పారేసేవి పూర్తిగా పోయాయి.

ఆపలేనివి, అంటే టైం కోర్సులు, లైవ్ ఇమేజింగ్, టిష్యూ నుంచి తాజాగా కణాలు తీయడం లాంటివి, వారానికి ఒక్కటే పెట్టుకోండి. అదీ మీ ఆయనకి ఆ రోజు సెలవో, ఇంటినుంచి పనో ఉన్నప్పుడు. ఆ రోజు ల్యాబులో మీ బదులు కొనసాగించగలిగే మనిషి పేరు ముందే క్యాలెండర్లో రాయండి. క్రెష్ నుంచి ఫోన్ వచ్చేది సరిగ్గా ఆ రోజే.

టీకాల తేదీలు కూడా అదే క్యాలెండర్లో. 6, 10, 14 వారాల టీకాలు సెలవులోనే అయిపోతాయి. 9 నెలలప్పుడు వేసేది మీరు ల్యాబుకి వచ్చాక పడుతుంది. దాని చుట్టూ రెండు మూడు రోజులు ఆపలేని పని పెట్టకండి. కొత్తగా క్రెష్‌కి వెళ్ళే పిల్లలకి మొదట్లో జలుబులు వరస కడతాయి. దాచుకున్న 60 రోజులు ఉంటే ఇక్కడ వాడుకోవచ్చు, మీ సంస్థ విడివిడిగా ఇస్తే.

8. ఇంట్లో పని పంచుకోవడం

"మా ఆయన బాగా హెల్ప్ చేస్తారు" అని చెప్పిన ప్రతి అమ్మాయినీ నేను ఒక ప్రశ్న అడుగుతాను: డైపర్లు అయిపోతున్నాయని ముందు గుర్తొచ్చేది ఎవరికి? చెప్పిన పని చేయడం వేరు, ఆ పని తనది కావడం వేరు. పనులు కాదు, బాధ్యతలు పంచుకోండి. టీకాలు, డాక్టర్, మందులు మొత్తం ఆయనవి. క్రెష్, బట్టలు మొత్తం మీవి. రాత్రి 2 గంటల దాకా మీరు, 2 తర్వాత ఆయన. గోడ క్యాలెండర్ మీద పేర్లు రాయండి.

పెద్దవాళ్ళు వచ్చి ఉంటే వాళ్ళకీ వారానికి ఒక రోజు సెలవు కావాలి. మోకాళ్ళ నొప్పులతో రోజంతా బిడ్డని ఎత్తుకున్న అత్తగారు నాలుగో నెలలో ఊరికి వెళ్ళిపోతానంటే అది అలక కాదు, అలసట. ఆయా మీద పెట్టే ఖర్చుని "నా స్టైపెండ్‌లో సగం దానికే పోతోంది, ఇంక నేను పనిచేసి ఏం లాభం" అని లెక్కేసుకుంటారు చాలామంది అమ్మాయిలు. ఆయా జీతం మీ ఒక్కరి స్టైపెండ్ లోంచి ఎందుకు తీస్తున్నారు? బిడ్డ ఇద్దరిదీ అయితే ఆ ఖర్చూ ఇద్దరిదీ.

9. అనుకున్నట్టు జరగకపోతే

గైడ్ ఒప్పుకోకపోతే: వాదన పెట్టుకోకండి, ఆర్డినెన్సులో ఆ పేరా జతచేసి మెయిల్ పంపండి. అప్పటికీ కదలకపోతే ఆర్‌ఏసీ సభ్యుల్లో ఒకరితో మాట్లాడండి. ఆ తర్వాత హెచ్‌ఓడీ, ఆ తర్వాత డీన్. చివరగా విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ, దానిపైన అంబుడ్స్‌పర్సన్ ఉంటారు. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం కమిటీ ప్రతి సంస్థలో, అంబుడ్స్‌పర్సన్ ప్రతి యూనివర్సిటీకీ ఉండాలి. ఈ వరస తప్పించి నేరుగా పైకి వెళ్తే కింద ఉన్నవాళ్ళంతా మొండికేస్తారు.

భర్తకి బదిలీ అయి ఊరు మారాల్సి వస్తే: పెళ్ళి వల్లగానీ మరో కారణంతోగానీ వేరే ఊరు వెళ్ళే మహిళా స్కాలర్లు తమ పరిశోధన డేటాని కొత్త సంస్థకి మార్చుకునే వీలు 2022 నిబంధనల్లో ఉంది. ఒక షరతు, పాత సంస్థగానీ గైడ్‌గానీ బయటి నిధులతో తెచ్చిన ప్రాజెక్టుకి సంబంధించిన పని అయి ఉండకూడదు. అప్పటిదాకా చేసినదానికి పాత సంస్థకీ గైడ్‌కీ గుర్తింపు ఇవ్వాలి.

రెండు మూడేళ్ళు విరామం వచ్చేస్తే: డీఎస్‌టీ నడిపే వైజ్-కిరణ్ పథకాలు, డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ) నడిపే బయోకేర్ మహిళా శాస్త్రవేత్తల కోసమే ఉన్నాయి. ప్రకటనలు ఎప్పుడు వస్తాయో కనిపెట్టుకుని ఉండండి, వయసు హద్దు చూసుకోండి. హైదరాబాద్‌లో ఆఫీసున్న, పరిశోధనకి నిధులిచ్చే ఇండియా అలయన్స్ తన ఫెలోషిప్పుల్లో కెరీర్ విరామాల్ని లెక్కలోకి తీసుకుంటుంది. యూరప్ వెళ్ళాలనుకునేవాళ్ళకి, ఈఆర్‌సీ (యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్) స్టార్టింగ్ గ్రాంటు అర్హత గడువులో తల్లులకి ఒక్కో బిడ్డకి 18 నెలలు కలుపుతారు. సీవీలో ఆ విరామాన్ని దాచకండి, "2026 అక్టోబరు నుంచి 2027 మార్చి, ప్రసూతి సెలవు" అని ఒక వాక్యం రాయండి. రాయకపోతే ఆ ఖాళీని చదివేవాళ్ళు తమకి తోచినట్టు నింపుకుంటారు.

గైడ్‌లు ఎవరైనా చదువుతుంటే

మీటింగ్ సాయంత్రం ఐదున్నరకి కాకుండా ఉదయం పదకొండుకి పెట్టండి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. సెలవులో ఉన్న స్కాలర్ పేరు ల్యాబ్ పట్టికలోంచి తీసేయకండి. తిరిగొచ్చిన అమ్మాయికి "తేలిక" ప్రాజెక్టు ఇవ్వడం దయ అనుకుంటారు కొందరు. ఆమె అడగకుండా ఆ దయ చూపించొద్దు.

అంతా దారిలోనే ఉందా? నెలకోసారి చూసుకోండి

చేరిన మూడో నెలనుంచి ప్రతి నెల ఆఖరు ఆదివారం పదినిమిషాలు చాలు. ఈ నెల ఫెలోషిప్ పడిందా? ఒక్క ఎక్స్‌పరిమెంట్ అయినా కంట్రోల్స్‌తో సహా పూర్తయిందా? గైడ్‌తో విడిగా ఒకసారైనా మాట్లాడారా? వారంలో ఒక రాత్రయినా ఐదు గంటలు వరసగా నిద్రపోయారా? రెండు నెలలు వరసగా చివరిదానికి "లేదు" అని వస్తే, పంపకం మళ్ళీ వేసుకోవాలి, డాక్టర్‌నీ కలవాలి. ఊరికే ఏడుపు రావడం, బిడ్డ మీద విసుగు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే అది మీ చేతకానితనం కాదు. ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్‌కి మందులూ కౌన్సెలింగూ ఉన్నాయి.

తరచూ అడిగే చివరి ప్రశ్న: రెండో బిడ్డకి ఎలా?

240 రోజులు పీహెచ్‌డీ మొత్తానికి. మొదటిసారి 180 వాడితే మిగిలేది 60. రెండోసారి డెలివరీ కూడా పీహెచ్‌డీలోనే అయితే రిజిస్ట్రేషన్ లెక్కలో ఆ 60 రోజులే ఉంటాయి. ఫెలోషిప్ తరఫు సెలవు వేరే లెక్క, దాన్ని మళ్ళీ విడిగా అడగాలి. మొదటి సెలవు నుంచి తిరిగొచ్చిన వారంలోనే, ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో అకడమిక్ సెక్షన్ నుంచి రాతపూర్వకంగా తీసుకుని, జాయినింగ్ రిపోర్టు కాపీ పక్కన పెట్టుకోండి.